ఊరికే ఇస్తానన్నా పోని చిక్కుడుకాయలు

నాకు పెద్ద జబ్బు చేసిందని మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, మా వీధిలో కూరగాయలమ్మే మనిషి. ఆమెకీ నాకూ గేటు దగ్గర రోజూ తగువే. ఆమె చెప్పిన ధరలో సగం దగ్గర నేను మొదలుపెట్టేదాన్ని, మా పుట్టింటివాళ్ళను తిట్టడం దగ్గర ఆమె మొదలుపెట్టేది. అది జరగకపోతే ఇద్దరికీ తెల్లవారినట్టే ఉండేది కాదు. ఆ శ్రావణంలో ఒక ఉదయం దొండకాయలు ఎప్పటిలాగే సగానికి అడిగాను. ఆమె నా ముఖంలోకి చూసి, "తీసుకో తల్లీ, నీ ఇష్టం," అంది. సగానికే ఇచ్చింది. అడక్కుండానే పైన గుప్పెడు కొసరు వేసింది. ఆ కాయలు ఒళ్ళో పోసుకుని వంటింటి గడప మీద కూర్చుండిపోయాను. నాతో బేరమాడటానికి ఆమెకు మనసొప్పలేదంటే నేను ఎట్లా కనబడుతున్నట్టు?

అప్పటికి దగ్గు పట్టుకుని చాలా రోజులైంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాగేది. జాకెట్లు వదులయ్యాయి. వానాకాలపు దగ్గేలే అని మిరియాల కషాయంతో నెట్టుకొచ్చాను. ఆ వారమే మా ఆయన నన్ను బస్సులో మాచర్ల తీసుకెళ్ళారు. ఛాతీకి ఫిల్ము తీశారు. క్షయ అన్నారు.

ఇదంతా ఎనభై మూడు, ఎనభై నాలుగు నాటి మాట. ఇప్పుడు మందులు అయిపోయాయి, కాస్త ఒళ్ళు కూడా చేశాను. ఎవరైనా ఈ జబ్బుతో మంచం మీదుండి ఇది చదివితే ఏదో ఒక ఆసరా దొరుకుతుందని రాస్తున్నాను. అంతకన్నా నిజం చెప్పాలంటే, నా తలలో ఆ నెలలన్నీ కలగలిసిపోయి ఉన్నాయి, విడదీసుకుందామని రాస్తున్నాను. పచారీ కొట్లో రెండు గోతాలు చిరిగి కందిపప్పూ పెసరపప్పూ ఒక్కటైపోతే చూశారా, అట్లా. ఏది ముందు జరిగిందో, ఏది తరవాతో తేల్చుకోవడానికి నాకు మిగిలిన ఆధారం మా దొడ్లో మొక్కలే. మెంతులు మొలిచినప్పుడు ఇది, చిక్కుడు పూతకొచ్చినప్పుడు అది అని గుర్తుపెట్టుకున్నాను.

మాది నరసరావుపేట. మా నాన్నకు పచారీ కొట్టు. బస్తాల మధ్య పాకి, బస్తాల మీద నిద్రపోయి పెరిగాను. చెప్పిన మాటకు మొదటిసారే ఒప్పుకునేవాడు తెలివితక్కువవాడని మా ఇంట్లో ఉగ్గుపాలతో పోస్తారు. మా ఆయనది డ్యామ్ మీద ఉద్యోగం. విజయపురి సౌత్‌లో డిపార్ట్‌మెంటు క్వార్టరు, రెండు గదులు, వెనక రాళ్ళ దొడ్డి. అప్పటికి మా పాపకు రెండో ఏడు నడుస్తోంది.

మాచర్ల డాక్టరుగారి వరండాలో బల్లలు గోడల వెంట ఉండేవి. అందరూ ఒకే జబ్బుతో వచ్చినవాళ్ళే, అయినా ఒకరికొకరు దూరంగా కూర్చునేవాళ్ళు. ఎవరికి ఎవరి దగ్గర నుంచి అంటుతుందని భయమో నాకు అర్థమయ్యేది కాదు. రెంటచింతల నుంచి వచ్చిన ఒక ముసలాయన మాత్రం పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. "మా ఊరి ఎండకి రాళ్ళే పగులుతయ్యమ్మా. ఈ పురుగు మటుకు చావట్లా," అన్నాడు. ఆ వరండాలో నవ్వు వినబడింది అప్పుడే. నవ్వినవాళ్ళందరికీ దగ్గొచ్చింది.

డాక్టరుగారు పెద్దాయన. మందులు రెండేళ్ళు వాడాలన్నారు. నేను ఏడాది అన్నాను. మా ఆయన బల్ల కింద నుంచి నా కాలు తొక్కారు. డాక్టరుగారు కళ్ళజోడు తీసి, నన్ను ఒకసారి తేరిపార చూసి, మీది ఏ ఊరని అడిగారు. నరసరావుపేట అన్నాను. కొట్టా, పొలమా అన్నారు. కొట్టే అన్నాను. మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, సరే, ఏడాదిన్నర, ఇక ఒక్క పూట తగ్గినా నా గడప తొక్కొద్దు అన్నారు. ఆరు నెలలు తగ్గించానన్న ఆనందంలో నాకొచ్చిన జబ్బేమిటో కూడా కాసేపు మరిచిపోయాను.

ఆ తరవాతి మాటతో నేల మీదికి దిగాను. పాపను దూరంగా ఉంచాలన్నారు. కఫంలో పురుగు లేదని తేలేదాకా పక్కలో వేసుకోవడం, ముద్దుపెట్టుకోవడం ఏవీ కుదరవన్నారు. ఎప్పటిదాకా అంటే ఉగాది అన్నారు. నేను దీపావళి అన్నాను. ఈసారి ఆయన నా ఊరేదని అడగలేదు.

"దీపావళికి నువ్వు లేచి తిరిగితే చాలు. రథసప్తమికి తెచ్చుకో. అదీ పరీక్ష బాగుంటేనే. ఇందులో బేరం లేదమ్మాయ్."

మా అమ్మ వచ్చి పాపను నరసరావుపేట తీసుకెళ్ళింది. పిల్ల ఏడుస్తుందని భయపడ్డాను. ఏడవలేదు. బస్సెక్కుతున్నామన్న సంబరంతో చెయ్యి ఊపింది. ఏడ్చి ఉంటే బాగుండునని కూడా అనిపించింది, ఆ రెండింటిలో నాకు కావలసింది ఏదో తెలియలేదు.

భాద్రపదంలో మా అత్తగారు గురజాల నుంచి మూట సర్దుకుని వచ్చారు. వంట చేసిపెట్టడానికి. మా ఇద్దరి మధ్యా పెళ్ళైన నాటి నుంచీ మర్యాదే గాని మాటలు లేవు. వచ్చీరాగానే నాకొక కంచం, గ్లాసు విడిగా పెట్టారు. నా బట్టలు వేరే బకెట్లో నానబెట్టారు. నాతో మాట్లాడేటప్పుడు చెంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. డాక్టరు చెప్పినట్టే చేస్తున్నారని తెలుసు. తెలిసినా, అన్నం గిన్నె నా ముందు పెట్టి గబుక్కున వెనక్కి జరిగినప్పుడల్లా సగం అన్నం వదిలేసేదాన్ని. మా ఆయన వరండాలో పడుకునేవారు. ఆయన మంచివారే. నేను ఏమన్నా సరే సరే అనేవారు. నేను పొద్దున ఒకటీ సాయంత్రం దానికి విరుద్ధంగా ఇంకొకటీ అంటే రెండింటికీ సరే అనేవారు. పోట్లాడే మనిషి లేక నా నోరు తుప్పు పట్టింది.

సూదులు మొదలైనాక తల తిరగడం మొదలైంది. కాలనీ ఆసుపత్రిలో కాంపౌండరు రోజూ పొడిచేవాడు. కొన్నాళ్ళకు లేచి నిలబడితే గోడలు ఒక పక్కకు, నేనొక పక్కకు. చెవుల్లో ఒకటే హోరు. దండెం మీద బట్టలు ఊగుతున్నాయో, నేను ఊగుతున్నానో తేలేది కాదు. ఒక మధ్యాహ్నం గుమ్మం పట్టుకుని నిలబడి, డ్యామ్ కదులుతోందా అని మా ఆయన్ని అడిగాను. నిజంగానే అడిగాను. నాకు అట్లాగే అనిపించింది.

"డ్యామ్ కదిలితే ముందు నాకు మెమో వస్తదే," అన్నారు ఆయన. తరవాత బయటికి వెళ్ళి, ముఖం కడుక్కుని వచ్చారు.

గాలీ వెలుతురూ తగలాలని నా మంచం దొడ్లో వేశారు. ఆశ్వయుజం వచ్చేసింది, ఎండలో కసి తగ్గింది. మంచం మీద పడుకుని రాళ్ళు చూస్తూ ఉండేదాన్ని. అత్తగారు మెంతులు చెరిగి, తాలూ తప్పా ఒక మూలకు విసిరేశారు. నాలుగైదు రోజుల తరవాత ఆ మూల పచ్చగా కనబడింది. కళ్ళు కూడా పోయాయనుకున్నాను. దగ్గరకు వెళ్ళి చూస్తే, రెండేసి ఆకులతో మెంతులు.

పుట్టిన దగ్గర నుంచి నేను మెంతులు చూస్తున్నాను. తూచాను, పొట్లాలు కట్టాను, పుచ్చినవాటిని మంచివాటిలో ఎట్లా కలపాలో నేర్చుకున్నాను. అవి మొలుస్తాయన్న ఆలోచనే నాకు ఎప్పుడూ రాలేదు. సరుకంటే సరుకే కదా. అది ప్రాణమున్నదని ఇంతకాలం మా కొట్లో ఒక్కరికీ తట్టలేదే అని మంచం దిగి అక్కడే కూర్చున్నాను. అప్పుడు ఇంకో సంగతి తెలిసింది. నిలబడితే ఊగే నేల కూర్చుంటే ఊరుకుంది. రెండు అరచేతులూ మట్టి మీద ఆనిస్తే చెవుల్లో హోరు కూడా కొంచెం తగ్గినట్టు అనిపించింది. ఇది వైద్యమో, నా భ్రమో నేను చెప్పలేను. డాక్టరుగారిని అడిగితే, అట్లాగే కూర్చో, నష్టమేముంది అన్నారు.

ఇక వంటింటి డబ్బాల మీద పడ్డాను. ధనియాలు చెప్పుకాలితో నలిపి రెండు బద్దలు చేసి చల్లాను. ఆవాలు చల్లాను. కుళ్ళిన టమాటా ఒకటి పిసికి గింజలు ఆరబెట్టాను. జీలకర్ర మాత్రం నన్ను మోసం చేసింది, ఎంత చల్లినా ఒక్కటీ రాలేదు. అత్తగారు గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి, తన మూటలో నుంచి చిక్కుడు గింజలు తీసి నా పక్కన పెట్టి వెళ్ళారు. అవి గురజాల గింజలు, నల్లగా తెల్ల అంచుతో ఉంటాయి. తమ ఇంటి పాదువి, ఎక్కడికి వెళ్ళినా చెంగున కట్టుకుని వెళ్తారట. అప్పటికే విత్తే అదను దాటుతోందని ఆవిడకు తెలుసు. నాకు తెలియదు. గోడ పక్కన గుంటలు తీసి పెట్టేశాను.

నా పనిముట్టు పాత అట్లకాడ. పార ఎత్తే బలం లేదు, ఎత్తినా మా దొడ్లో దిగదు. మా ఆయన కాలవ పక్క నుంచి ఒండ్రుమట్టి గోనె సంచుల్లో తెచ్చి పోశారు. పక్కింట్లో కాశింబీ ఉండేది, వాళ్ళాయన డిపార్ట్‌మెంటు జీపుల మెకానిక్కు. వాళ్ళ మేకల పెంటిక ఎరువుకని గోడ మీద నుంచి గంపతో కుమ్మరించింది. ఈ రెండూ దొడ్డి మట్టిలో కలిపి అట్లకాడతో మెల్లగా గీరుకుంటూ కూర్చునేదాన్ని. వానాకాలంలో నేల మనిషికి లొంగదు, బురదో కలుపో ముందు పరిగెత్తుతుంది. ఎండాకాలంలో దాన్ని తాకలేం. చలికాలంలోనే అది నెమ్మదిస్తుంది. పొద్దున పోసిన నీళ్ళు సాయంత్రందాకా ఉంటాయి. కలుపు కూడా బద్ధకంగా వస్తుంది. నాలాంటి ఓపిక లేని మనిషి పని చేస్తుంటే నేల ఆగి చూస్తున్నట్టు ఉంటుంది. దీపావళినాటికి డ్యామ్ వైపు నుంచి పొగమంచు మా వీధిదాకా వచ్చేది. ఆ మంచులో కొత్తిమీర మీద చేత్తో రాసి, చెయ్యి వాసన చూసుకుంటే ఆ పూట అన్నం కాస్త తినబుద్ధయ్యేది.

ఆ దీపావళికి మా ఆయన పాపను చూసి వస్తానని నరసరావుపేట వెళ్ళారు. తిరిగి వచ్చాక ఏం చేసింది, ఏం తింది అని అడిగినవే అడిగాను. అన్నీ బాగా చెప్పారు. మాటల్లో మాటగా, మీ అమ్మని అమ్మా అంటోంది అన్నారు. అని నాలుక కరుచుకున్నారు. ఆ వయసు పిల్లలు ఎవరు అన్నం పెడితే వాళ్ళనే అంటారని ఆయనే సర్దిచెప్పబోయారు. నేను సరే అన్నాను. ఆయన లాగే.

ఆ తరవాత కొన్ని రోజులు నాకు సరిగ్గా గుర్తులేవు. మందు బిళ్ళ వేసుకున్నానో లేదో తెలియక మళ్ళీ వేసుకోబోతే అత్తగారు చేతిలో నుంచి లాక్కోవడం గుర్తుంది. రథసప్తమి ఎప్పుడో గడిచిపోయింది, నాకు చెప్పకుండా దాచారని ఏడవడం గుర్తుంది. అప్పుడు అత్తగారు నన్ను చెయ్యి పట్టుకుని దొడ్లోకి తీసుకెళ్ళారు. ఆ చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. చిక్కుడు పాదు పందిరి ఎక్కి, ఊదారంగు గెలలు వేసి ఉంది.

"చూడవే. పూతలోనే ఉంది. పూత మీద ఉండంగా రథసప్తమి ఎట్టా పోతది? కాయ కాయాల, ముదరాల. దాన్ని చూసుకుంటా ఉండు."

పూతతో పాటు నల్లగా పేనుబంక పురుగు కూడా పట్టింది. తెల్లవారి పొయ్యిలో బూడిద జల్లించి తెచ్చి, ఆకుల మీద ఎట్లా చల్లాలో ఆవిడ చూపించారు. మంచు ఆరకముందే చల్లాలట, తడికి అంటుకుంటుంది, ఆరినాక చల్లితే గాలికి పోతుందట. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని చల్లుతున్నారు. ఆ చెంగు నా దగ్గుకో, బూడిదకో నేను అడగలేదు.

మార్గశిరంలో తొలికాపు వచ్చింది. మా అత్తగారి వైపు పాదు తొలికాపు ఇంట్లో వండుకోరు, ఇరుగుపొరుగుకు పంచిపెడతారు. పంచితే పాదు విరగకాస్తుందంటారు. మా నాన్న వింటే గుండె ఆగిపోయే ఆచారం, అయినా అత్తింటి పద్ధతి. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, చేట నిండా కాయలు పెట్టుకుని, గోడలు పట్టుకుంటూ వీధిలోకి వెళ్ళాను. ఆసుపత్రికి తప్ప ఇంకో పనికి గేటు దాటడం నెలల తరవాత అదే.

ఒకరు ఇవాళ మాకు ఉపవాసమన్నారు. ఇంకొకరు మా పిల్లలు చిక్కుడు ముట్టరన్నారు. ఇంకో ఇంట్లో తలుపు వెనక మనుషులున్నట్టు తెలుస్తోంది, తలుపు తెరుచుకోలేదు. ఎదురింటావిడ ఒక్కరే తీసుకున్నారు, కొనవేళ్ళతో, గిన్నె చాపి. నాకు తల తిరిగిపోయింది, ఈసారి సూదుల వల్ల కాదు. ఖరీదు ఎక్కువని పోని సరుకు చూశాను, పుచ్చిందని పోని సరుకు చూశాను. ఊరికే ఇస్తానంటే పోని సరుకు చూడటం నా జన్మలో అదే. ఏ కిటుకుతో అమ్మాలో నాకు తోచలేదు. సాయంత్రం చూస్తే కాశింబీ మేక ఎదురింటి చెత్తకుప్ప దగ్గర నిలబడి నా చిక్కుడుకాయలు నములుతోంది.

నేను పందిరి కింద కూర్చుని ఉండగా గోడ మీద నుంచి కాశింబీ తల కనబడింది.

"ఏంది వదినా, ఊరందరికీ పంచి నాకు మటుకు లేదా?"

"మీ మేకకి ఇచ్చాగా."

"అది ఎదురింటోళ్ళ తరపున తిన్నది. నా తరపున కాదు."

నువ్వూ వద్దంటావేమోనని రాలేదన్నాను. ఊరికే అయితే తను కూడా వద్దంటానంది. గుడ్లు తినమని డాక్టరు చెప్పిన సంగతి వాళ్ళాయన ద్వారా ఆమెకు తెలుసు. మా ఇంట్లోకి గుడ్డు గడప దాటి రాదని కూడా తెలుసు. తన ఇంట్లోనే ఉడకబెట్టి, వలిచి, గోడ మీద పెడతానంది. బదులు చిక్కుడుకాయలు.

"గుడ్డుకి నాలుగు దోసిళ్ళు," అంది.

"నాలుగా? ఒకటి."

"కోడి కష్టం నీకేం తెలుసు వదినా. రోజూ కనాల."

"పాదు మాత్రం ఊరికే కాస్తోందా? బూడిద చల్లలేక చస్తున్నా."

"బూడిదకీ బిడ్డకీ పోలికేంది? మూడు."

"మూడిస్తే మా ఇంట్లో కూరకేం మిగులుతుంది? ఒకటిన్నర, అదీ నీ మొహం చూసి."

"నా మొహం చూసేదానివైతే మూడిచ్చేదానివి. పేటోళ్ళని ఊరికే అనరు, పిసినిగొట్టు నాయాళ్ళని."

ఆమె గొంతు పెంచింది. నేనూ పెంచాను. అంత గట్టిగా మాట్లాడి ఎన్ని నెలలైందో. దగ్గొచ్చింది. ఆమె వెనక్కి జరగలేదు. దగ్గు తగ్గేదాకా గోడ మీద మోచేతులు ఆనించుకుని నిలబడి, తగ్గగానే, "రెండు. ఇంక దిగను," అంది. రెండుకు కుదిరింది. లోపలికి వెళ్ళి ఎందుకో చాలాసేపు ఏడ్చాను. ఏడుస్తూ, ఒకటిన్నర దగ్గర ఇంకొంచెం నిలబడాల్సిందని కూడా అనుకున్నాను.

మొదటి గుడ్డు మింగడానికి పడిన అవస్థ రాయను. ఉప్పు, మిరియాలు, గుప్పెడు కొత్తిమీర అడ్డం పెట్టి కళ్ళు మూసుకున్నాను. తరవాత అలవాటైంది. కొన్నిసార్లు కాశింబీ వలవకుండా పెట్టేది, అప్పుడు పెంకులు గోడ అవతలికి విసిరేసేదాన్ని. అత్తగారికి తెలియకుండా కానిస్తున్నానన్న ధీమా నాది. పుష్యమాసంలో ఒకరోజు ఆవిడ తను నాటిన చామంతులకు నీళ్ళు పోస్తూ, నా వైపు చూడకుండా అన్నారు.

"గుల్లలు గోడవతల పారెయ్యమాకే. కాకులు ఎత్తుకొచ్చి మళ్ళీ మన దొడ్లోనే ఏస్తన్నయ్. నలిపి చామంతి మొదట్లో పూడ్చు, దానికి చానా బలం."

అప్పుడు వంగి చూస్తే ఆ మట్టిలో అప్పటికే తెల్లటి పెంకు ముక్కలు. ఎప్పటి నుంచి ఏరి పూడుస్తున్నారో. ఆ ఏడాది మా చామంతులు గుత్తులు మోయలేక వంగిపోయాయి. పుల్లలు పాతి కట్టాల్సి వచ్చింది.

పుష్యంలోనే మాచర్లలో పరీక్ష చేశారు. పురుగు లేదన్నారు. డాక్టరుగారు చెప్పిన మాట మీద నిలబడి, రథసప్తమికి పిల్లను తెచ్చుకో, బిళ్ళలు మాత్రం ఏడాదిన్నరకు ఒక్క రోజు తగ్గినా ఒప్పుకోను అన్నారు. మందులు పొట్లం కడుతూ అక్కడి కాంపౌండరు నవ్వాడు. డాక్టరుగారిది కూడా వ్యాపారస్తుల ఇల్లేనమ్మా, నాన్నగారు మిరపకాయల కమీషను వ్యాపారం చేసేవారు, పేట వాళ్ళొస్తే ముందు ఆరు నెలలు పైన వేసుకునే చెప్తారు, దించుకుంటారని తెలుసుగా అన్నాడు. అయితే ఉగాది కూడా పైన వేసిందేనా? రథసప్తమే మొదటి నుంచి ఆయన మనసులో ఉందా? నేను గెలిచానో, ఓడానో బస్సులో ఇంటిదాకా లెక్కేసుకున్నా తేలలేదు. ఇప్పటికీ తేలలేదు. ఒక్కటి చెప్పగలను. దగ్గు ఆగగానే మందు మానేసి మళ్ళీ మొదటికొచ్చిన వాళ్ళను ఆ వరండాలో చాలామందిని చూశాను. బేరం డాక్టరుతో ఆడండి, బిళ్ళతో ఆడకండి.

మాఘం వచ్చింది. రథసప్తమి తెల్లవారింది. ఆ రోజు సూర్యుడికి చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి రథం చేస్తారు, పరమాన్నం చిక్కుడాకుల్లో నైవేద్యం పెడతారు. మా రాళ్ళ కాలనీలో చిక్కుడు పందిరి ఉన్నది మా ఒక్క ఇంట్లోనే. నాకు ఆ సంగతి తట్టనే లేదు. సూర్యుడు ఇంకా పైకి రాకుండానే గేటు చప్పుడైంది. తలుపు తెరవని ఇంటివాళ్ళు, పిల్లలు ముట్టరన్నవాళ్ళు, అందరూ తలస్నానాలు చేసి వచ్చి నిలబడ్డారు. ఎదురింటావిడ గొంతు సవరించుకుని, నాలుగు ఆకులు, రెండు కాయలు ఇస్తావా అమ్మాయ్ అన్నారు.

నా నోట్లో మాట ఉంది. నాకన్నా ముందు వెనక నుంచి అత్తగారు అందుకున్నారు.

"ఆకులకి అంటదా, అమ్మా? కాయలకే గదా అంటింది."

 ఆవిడే మళ్ళీ, "కోసుకోండి, పండగపూట. తీగలు తెంపమాకండి," అని చేట తెచ్చి ఇచ్చారు. వాళ్ళంతా పందిరి కింద చేరి ఆకులు కోసుకుంటున్నారు. నేను టమాటా పాదుల దగ్గర కూర్చుండిపోయాను. కోపం రావాలో, సంతోషం కలగాలో అర్థం కాని సమయంలో గేటు దగ్గర మా ఆయన గొంతు వినబడింది. ఆయన చేతిలో సంచి, వెనక మా అమ్మ, మా అమ్మ చంకలో పాప.

పొడుగైంది. జుట్టు పెరిగింది. దింపగానే అంతమంది ఆడవాళ్ళను చూసి మా అమ్మ కుచ్చిళ్ళలో దూరింది. మీ అమ్మ ఎవరో చూపించు అంది మా అమ్మ. పాప ఎదురింటావిడను చూసింది, గోడ మీద నుంచి చూస్తున్న కాశింబీని చూసింది, నన్ను చూసింది. అందరినీ ఒకే రకంగా చూసింది. మళ్ళీ కుచ్చిళ్ళలో దూరింది.

పరిగెత్తుకుపోయి ఎత్తుకోవాలని ఒళ్ళంతా లాగింది. లేస్తే పడతాను, పడితే పిల్ల జడుసుకుంటుంది. అదీ కాక, కొట్టు మెట్టు మీద ఆగిన మనిషిని రమ్మని పిలిస్తే వెనక్కి పోతాడని మా నాన్న అనేవాడు. తల వంచుకుని నీ పని నువ్వు చేసుకుంటుంటే తనే లోపలికి వస్తాడట. నేను అట్లకాడ తీసుకుని కలుపు తీయడం మొదలుపెట్టాను. ఏది కలుపో, ఏది కొత్తిమీరో కనబడలేదు. రెండూ పీకాను.

కాసేపటికి పక్కన చిన్న పాదాలు కనబడ్డాయి. తరవాత మోకాళ్ళు. పాప నాకు కాస్త దూరంలో గొంతుకూర్చుని ఎర్రటి టమాటా ఒకటి వేలితో పొడిచింది.

"నాకు," అంది.

"ఇస్తే నాకేమిస్తావు?" అన్నాను. ఆ మాట నాకు తెలియకుండానే వచ్చేసింది.

పాప ఆలోచించింది. గుప్పిట్లో బస్సులో సగం తిన్న బిస్కెట్టు ఉంది, మెత్తబడి. దాన్ని చూసుకుని, నా నోటి దగ్గర పెట్టింది. నేను తల తిప్పి అత్తగారి వంక చూశాను. పరీక్ష బాగుందని తెలుసు. అయినా చూశాను. అందరూ చూస్తున్నారు. ఆవిడ చేతిలో చెంగు ఉంది, నోటికి అడ్డం లేదు.

"తినవే. ఎంతసేపని చాపుద్ది, పిల్ల చెయ్యి నొప్పి పుట్టదా?"

తిన్నాను. పాప టమాటా తెంపుకుని, నా ముఖం కూడా చూడకుండా మా అమ్మ దగ్గరకు వెళ్ళిపోయింది. అది నా దగ్గరకే వచ్చిందో, టమాటా దగ్గరకు వచ్చిందో నాకు తెలియదు. ఇప్పుడు అడిగితే దానికీ గుర్తులేదు. కాసేపటికి రెండో టమాటా కోసం మళ్ళీ వచ్చి, ఈసారి నా మోకాలి మీద చెయ్యేసి నిలబడింది. దానికి నేనేమీ అడగలేదు.